మామ పేరు రాయని బిల్లులు

పుంగనూరు కుల్సుమ్ చేసే సేమ్యాను జనం ముప్పై ఏళ్లుగా ఖాసిం సేమ్యా అనే అడుగుతున్నారు. ఖాసిం ఆమె మామ. ఆయన పోయాక, మొగుడు రఫీ కూడా పోయాక, పిండి పిసకడం, మిషను తిప్పడం, మంచాల మీద ఎండబెట్టడం అంతా ఆమె ఒంటిచేతి మీదే. రంజాన్ వస్తే కుప్పం దాకా మూటలు బస్సెక్కేవి.

ఈ ఏడు ఆ మూటలు వెనక్కి వచ్చాయి. కుప్పం షావుకారు దొరస్వామి ఫోన్ చేశాడు.

"ఏమనుకోవద్దమ్మా. మదనపల్లె నుంచి మీ మోసిన్ నోటీసు పంపించినాడు. ఖాసిం అనే పేరు తన పేరిట రిజిస్టరు చేయించుకున్నాడంట. నీ సరుకు పెడితే నా మీద కూడా కేసంట."

మోసిన్ ఎవరో కాదు, మరిది కొడుకు. చిన్నప్పుడు ఈమె ఒడిలో కూర్చుని బువ్వ తిన్నవాడే. ఇప్పుడు పెద్ద మిషన్లు పెట్టి, రంగురంగుల డబ్బాల మీద తాత పేరు అచ్చేయించాడు. తాత పేరు వాడికి కాకుండా పోతుందా? పోదు. దాన్ని ఈమెకు లేకుండా చేయడం ఏం న్యాయమో ఆ పైవాడికే తెలియాలి.

మదనపల్లె లాయరు స్వర్ణలత ధైర్యమే చెప్పింది. "మోసిన్ కంటే ముందు నుంచి ఆ పేరుతో మీరే అమ్ముతాండారని చూపిస్తే చాలమ్మా, మిమ్మల్ని ఎవరూ ఆపలేరు. పాత బిల్లులుండాయా?"

కుల్సుమ్‌కు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే సంచెడు బిల్లు పుస్తకాలు మోసుకొచ్చింది. లాయరమ్మ ఒక్కొక్కటే తిరగేసింది. తేదీ ఉంది, ఊరుంది, సరుకుంది. పైన అంగడి పేరుండాల్సిన చోటు మాత్రం ఖాళీ. అన్నింట్లోనూ అదే వరస.

"పేరు యాల రాయలేదమ్మా?"

కుల్సుమ్ తల వంచుకుంది. "బిల్లులు రాసేది నేనే మేడమ్. మామ పేరు కోడలెట్ల రాస్తాది? మేము నోటితో కూడా పలకము."

"పొట్లాల మీద?"

"ఉత్త కాగితం పొట్లాలు."

"బోర్డు?"

"ఉండాది. నిరుడే కొత్తగా రాయించినాము, అంతకుముందు బోర్డే లేదు."

లాయరమ్మ పుస్తకం మూసింది. సాక్ష్యానికి అంగళ్లవాళ్లెవరైనా వస్తారేమో కనుక్కోమంది. కుల్సుమ్ దొరస్వామినే బతిమాలింది.

"యాడ వచ్చేదమ్మా? ఇప్పుడు నా అంగట్లో ఉండేది మోసిన్ సరుకే" అన్నాడతను.

పెద్దాయనకు మర్యాద ఇచ్చినందుకు ఇంత శిక్షా? ఎవరిని తిట్టాలో కూడా ఆమెకు తోచలేదు. పోరాడే ఓపిక లేక రాజీకి ఒప్పుకుంది.

మోసిన్ తరఫు లాయరు ఆఫీసులో కాగితం, పెన్ను ముందు పెట్టారు. సంతకం ఒక్కటే చాలదట, మొత్తం ఆమె దస్తూరీతోనే ఉండాలట.

"నాకూ తప్పలేదు పెద్దమ్మా" అన్నాడు మోసిన్, తలెత్తకుండా.

ఆమె పెన్ను అందుకుంది. ఇలా రాసింది: 'నా మామగారైన ఖాసిం పేరును ఇకమీదట నా సేమ్యాకు వాడను.'

ముప్పై ఏళ్ల కోడరికంలో ఆ పేరు ఆమె రాయడం అదే మొదలు. కాగితం వాడి వైపు జరిపి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.