రాముడు రాసిన పరీక్ష

నాకు బడి లేదు, నాయనే ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాడు. పది వాక్యాలు తప్పు లేకుండా రాస్తే మర్నాడు పర్ణశాలకు తీసుకెళ్తానన్నాడు. ‘తిన్నాను’ అనడానికి ‘ఐ ఏట్’ ఎప్పుడో, ‘ఐ హావ్ ఈటెన్’ ఎప్పుడో నాకెన్నడూ తేలేది కాదు. ఆయన స్నానానికి వెళ్లగానే ఒక్కోదాని మీద ఒక్కో రూపం రాసి, రాముడి పటం ముందు రెండు చీటీలు వేసి, వాక్యానికొకసారి తీసి రాసేశాను.

ఏడు ఒప్పయ్యాయి. నాయన నోరు తెరిచాడు.

“ఏంది బిడ్డా, నిన్నటిదాకా ఒక్కటి రాలే. ఇయ్యాల గిట్లెట్ల రాసినవ్?”

పటం ముందు అబద్ధమాడలేకపోయాను. “చీటీలేసిన నాయనా. రాముడే చెప్పిండు.”

“అయితే పర్ణశాలకు ఆయననే తోల్కపోత. నువ్వింట్ల కూసొని ఆ మూడు తప్పులు దిద్దు.”

“ఆయన తప్పులు నేనెందుకు దిద్దాలె?”

నాయన నవ్వాపుకోలేక మర్నాడు నన్ను బస్సెక్కించాడు. ఆ మూడు తప్పులకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.