పైడమ్మ సిస్టర్ మోసిన మాట

ప్రింటర్‌లోంచి వేడిగా వచ్చిన కాగితాల వాసన తగిలితే చాలు, నాకు కాళ్ళు లాగుతాయి. ఈ వారం వచ్చిన కొత్త వైద్య సూచనలు మోకాళ్ళ నొప్పుల గురించి. కదలకుండా కూర్చోండి అని నేను ఇన్నేళ్ళుగా చెబుతూ వస్తే, వీలైనంత నడిపించమని అంటున్నాయి. క్లినిక్‌లో చిన్న నర్సులు చదివామని సంతకాలు పెట్టేసి టీకి వెళ్ళిపోయారు. నాకు అంత సులువుగా తెమలదు. అందుకు పైడమ్మ సిస్టర్నే అనాలి.

మలేసియాలో, ఈ సుంగై సిపుట్‌లో మా క్లినిక్‌కి అప్పట్లో ఆవిడ పెద్ద నర్సు. రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. శుక్రవారం మధ్యాహ్నాలు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని వైద్య పత్రికలు వేలు పెట్టి చదివేది. అర్థం కానిది డాక్టరుగారిని అడిగేది. అక్కడితో ఆగితే గొడవే లేదు. తను ఇదివరకు చెప్పింది తప్పని తేలితే, అది ఎవరెవరికి చెప్పిందో పేర్లు రాసుకుని మోటారు సైకిలు మీద ఇంటింటికీ బయలుదేరేది. "కొత్తది సదివితే సగం పనేనమ్మా. పాతది ఎవులికి సెప్పినామో ఆల కాడికి ఎల్లాల లా," అని ఇక్కడి మలయ్ వాళ్ళలా చివర 'లా' తగిలించి అనేది. కోరి తిట్లు తినడం ఏమిటని నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి, గుండె జబ్బు లేని పెద్దవాళ్ళు ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే మాత్ర గురించి చదివింది. అది రక్తాన్ని పలచబరుస్తుంది. కొందరికి మేలుకంటే కడుపులో రక్తం పోయే ప్రమాదమే ఎక్కువట. ఆ మాట చెబితే ఒక ముసలమ్మ వీధంతా వినపడేలా అరిచింది.

"అయితే ఇన్నేళ్ళు ఈ మందు, ఈ ఉబాత్ నాసేత ఎందుకు మింగించినావే?"

సిస్టర్ చేతులు కట్టుకుని అంతా విన్నది. "నేను సెప్పింది తప్పయిపోనాది అమ్మా. నీ అంతట నువ్వు మానీకు. రేపు డాక్టరు కాడికి రా," అంది.

ఆ పేర్లు ఇద్దరం పంచుకుంటే సూరయ్య మామ నా వంతుకు వచ్చాడు. ఆ సాయంత్రం వాన. పొద్దుటినుంచి డ్యూటీలో నిలబడి ఉన్నాను. మాత్రలు అయిపోతే ఆయనే వస్తాడులే అనుకుని ఇంటికి పోయాను. "సెప్పినావా?" అని మర్నాడు సిస్టర్ అడిగితే, "సెప్పినానక్కా," అన్నాను.

పది రోజులకు సూరయ్య మామ రక్తం కక్కుకుని పెద్దాసుపత్రిలో చేరాడు. మేమిద్దరం చూడ్డానికి వెళ్ళాం. "అందరికీ సెప్పినారట. మా ఇంటికి ఎవులూ రాలేదేటి?" అంది ఆయన భార్య గౌరమ్మత్త. సిస్టర్ నావైపు చూడలేదు. "నేను రావాల్సింది వదినా. రాలేదు. తప్పు నాదే," అంది. తర్వాత కూడా ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు. మరుసటి శుక్రవారం పేర్ల కాగితం మళ్ళీ నా చేతికే ఇచ్చింది. చెంప పగలగొట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

మామ కోలుకుని చాలా ఏళ్ళే బతికాడు. ఇప్పుడు ఆయనా లేడు, సిస్టరూ లేదు. నిన్న మోకాళ్ళ మాట చెప్పడానికి గౌరమ్మత్త ఇంటికి వెళ్ళాను. విని నవ్వింది. "నువ్వు వానైనా వస్తావమ్మా. మీ సిస్టర్ మంచిదే గానీ, మా ఆయనప్పుడు బద్దకించింది," అంది.

బద్దకించింది నేనే అత్తా అన్న మాట నోటిదాకా వచ్చింది. టీ తాగి వచ్చేశాను.