అక్కయ్య ఎత్తిన చెయ్యి

మొన్న పొద్దున్నే మా ఎదురింటి కోడలు చేతిసంచీతో గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని చెప్పింది. మండలానికి కొత్తగా గెలిచిన మెంబరు ఆ అమ్మాయి. ఎక్కడికమ్మా అని అడిగితే, "ఏమోనండి మామ్మగారూ, చెప్పలేదండి. ఫోను కూడా తీసేసుకున్నారండి" అని నవ్వబోయి మానేసింది. వీధిలో తెరలు దించిన వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ తెరలు చూడగానే నా అరచేతులు చల్లబడ్డాయి.

నేను ఎమ్మెల్యేగా చేసింది ఒక్క దఫాయే. నా గురించి రాసినవాళ్ళలో కొందరు, ఓట్లు సమానమై, చీటీల్లో అదృష్టం కలిసొచ్చి మండలాధ్యక్షురాలైందనీ, అక్కణ్ణుంచి అసెంబ్లీకి వెళ్ళిందనీ రాశారు. చీటీలు వెయ్యలేదు. తేదీ గాని లెక్క గాని తప్పు పోతే నాకు అన్నం సయించదు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మొదట నేను మా ఊరి పంచాయతీలో వార్డు మెంబర్ని. కుళాయి దగ్గర మురుగు నిలుస్తోందని ప్రతి మీటింగులోనూ లేచి అడిగేదాన్ని, అంతకు మించి రాజకీయం నాకు తెలియదు. మా ఇంట్లో రాజకీయమంతా మా బావగారిది, అంటే మావారి అన్నగారిది. మండలం మెంబర్ల ఎన్నికలు వచ్చినప్పుడు ఆయన నన్ను ఒకచోటా, మా తోడికోడలిని ఇంకోచోటా నిలబెట్టి ఇద్దరినీ గెలిపించారు. ఆమెను నేను అక్కయ్య అనేదాన్ని. అధ్యక్ష పదవి ఆ ఏడు ఆడవాళ్ళకి కేటాయించారు. ఆ కుర్చీ అక్కయ్యకేనని బావగారు ఎప్పుడో తేల్చేశారు; అక్కయ్యని మాత్రం ఎవరూ అడగలేదు. మావాళ్ళం పదకొండు మందిమి, అవతలివాళ్ళు తొమ్మిది మంది. ఒక్కరు అటు మారితే సమానమై చీటీలు వేస్తారు, ఇద్దరు మారితే ఓడిపోతాం. అందుకని చర్చిలో ఆదివారం ఆరాధన అయీ అవగానే మమ్మల్నందరినీ వ్యానెక్కించారు. మెంబర్లని ఇలా దాచిపెట్టడాన్ని క్యాంపు అంటారని మాకు తెలియడం అదే మొదలు.

రావులపాలెం దాటి, గోదావరి వంతెన దాటి, జొన్నాడలో వ్యాను మండపేట వైపు తిరిగేదాకా దారి తెలిసింది. తరవాత తెరలు ఎత్తొద్దన్నారు. దిగేసరికి సముద్రపు హోరు వినిపించే లాడ్జి ఒకటి. మగ మెంబర్లూ, వెంట వచ్చిన బావగారూ మావారూ కింద, ఆడవాళ్ళం నలుగురం పైన ఒకే గదిలో. మా క్షేమం కోసమేనంటూ తలుపుకి బయటనుంచి గడియ పెట్టారు. కిటికీలోంచి చూస్తే ఎవరిదో తెలియని జీపు ఒకటి లాడ్జి చుట్టూ తిరుగుతోంది. అవతలి వాళ్ళు మెంబర్ల పిల్లల్ని బళ్ళోంచి తీసుకుపోయారని కింద ఎవరో అన్నారట. అది అబద్ధమని తరవాత తేలింది గాని, ఆ మధ్యాహ్నం మాకు తేలలేదు. మా పిల్లలు ఇంటిదగ్గర మా అత్తగారితో ఉన్నారు. కబురు తెలుసుకోవడానికి ఫోను లేదు, కిందికి వెళ్ళి మావారిని అడగడానికి గడియ తీసే మనిషి లేడు. నలుగురం కలిసి ప్రార్థన మొదలుపెడితే మాట మధ్యలోనే ఆగిపోయేది.

అందరికన్నా ఎక్కువ బెదిరిపోయింది అక్కయ్య. పళ్ళెంలో అన్నం కలిపి అలాగే వదిలేసేది. ఒకసారి బట్టలు ఆరేస్తూ నాతో మెల్లిగా అంది. "ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి మీ బావగారు నా వెనకాల నించుంటారే. కుర్చీ అంటే భయం లేదు. ఆయన అలా వెనకాల నించోడమంటేనే భయం."

"ఇంట్లో మాత్రం నించోరా ఏంటి?" అన్నాను, నవ్వించాలని.

"ఇంట్లో వంటగదుందే చెల్లీ, అందులోకి రారు" అంది. నవ్వలేదు.

ఎన్నిక రోజు బయల్దేరేముందు పార్టీ తరఫున ఒకాయన వచ్చారు. ఫలానావారికే చెయ్యెత్తాలి, లేకపోతే మెంబరు పదవి పోతుందని పార్టీ ఇచ్చే కాయితం ఉంటుంది, విప్ అంటారు. అది రాయించి అందరికీ అందజేద్దామా అని ఆయన అడిగితే, బావగారు పెద్దగా నవ్వేశారు. "ఊరుకోండి, మా ఆవిడికి విప్ ఏంటండీ! రేపు అన్నం పెట్టడానిక్కూడా విప్ జారీ చెయ్యమంటారా?" అందరూ నవ్వారు. మావారూ నవ్వారు. ఆ కాయితం రాయించలేదు. ఆయన మాట మీద ఆయనకి అంత ధీమా.

మండల ఆఫీసు గుమ్మం దగ్గర, మెంబర్లు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని అధికారి అన్నారు. బావగారూ మావారూ బయటే ఆగిపోయారు. తలుపు మూశారు. పెళ్ళయిన తరవాత అలాంటి గదిలో, మా ఇంటి మగవాళ్ళు లేకుండా, మేమిద్దరం కూర్చోవడం అదే మొదటిసారి. అనుకున్న ప్రకారం మాలో పెద్ద మెంబరుగారు లేచి అక్కయ్య పేరు ప్రతిపాదించారు. అమ్మా, మీకు సమ్మతమేనా అని అధికారి అడిగారు.

అక్కయ్య లేచింది. బల్ల అంచు పట్టుకుని, "సమ్మతం లేదండి. మా చెల్లెలి పేరు రాసుకోండి. దానికి అడగడం వచ్చండి" అంది.

బయట నిలబడ్డ మనిషి గుర్తొచ్చి, కూర్చో అక్కయ్యా అని చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగాను. ఆవిడ కూర్చోలేదు. పెద్ద మెంబరుగారు తలుపు వైపు చూశారు, మళ్ళీ అవతలి తొమ్మిది మందిని చూశారు, నుదురు తుడుచుకుని "ఆయ్, బలపరుస్తున్నానండి" అన్నారు. మేము చీలితే కుర్చీ ఎవరికి పోతుందో ఆయనకి తెలుసు. చేతులెత్తమన్నప్పుడు మొదట లేచింది అక్కయ్య చెయ్యి. ఆ చెయ్యి వణుకుతూంటే మట్టిగాజులు గలగలలాడడం గదంతా వినిపించింది. తరవాత ఒక్కొక్కటే మావాళ్ళవి లేచాయి. నా పేరుకి నేనూ చెయ్యెత్తవచ్చునని నాకు తోచలేదు. ఆవిడే మోచేత్తో పొడిచింది. పదకొండు. చీటీల అవసరం రాలేదు. విప్ కాయితం లేదు కాబట్టి ఎవరి మెంబరు పదవీ పోలేదు.

తలుపు తీసేసరికి బావగారు పూలదండతో నిలబడి ఉన్నారు. అధికారి నా పేరు చదివారు. బావగారి ముఖంలో ఏమీ మారలేదు. నాకు భయమేసింది అందుకే. దండ మావారి చేతికిచ్చి, చుట్టూ ఉన్నవాళ్ళతో "మా ఇంట్లోంచి బయటికేం పోలేదు కదండీ" అని నవ్వారు. తరవాత అక్కయ్య వైపు ఒక్కసారి చూశారు.

క్రిస్మస్ దాకా ఆయన అక్కయ్య వడ్డించిన అన్నం తినలేదు. రెండు పూటలా మా వాటాలోకి వచ్చి కూర్చునేవారు, నేను వడ్డించేదాన్ని. ఆ గోడ అవతలే అక్కయ్య ఉండేది. ఆవిడని నువ్వెందుకిలా చేశావని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

తరవాత మా నియోజకవర్గంలో ఆడమనిషికి టిక్కెట్టు ఇస్తామన్నప్పుడు, నా పేరు పార్టీకి చెప్పింది బావగారే. గెలిచే పేరు ఏదో ఆయనకి తెలుసు. అసెంబ్లీలో మొదటిసారి లేచి, గోదావరి మధ్యనున్న లంక గ్రామాల రేవు గురించి అడిగాను. ఇంటికి వస్తే అక్కయ్య, "టీవీలో చూసేనే. చేతిలో కాయితం ఒకటే ఊగిపోయింది. అయినా అడిగేవులే" అంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. బావగారూ లేరు, మావారూ లేరు.

మొన్న ఆ అమ్మాయి వ్యానెక్కుతూ, భయం పోతుందా మామ్మగారూ అని అడిగింది. పోదమ్మా అన్నాను. లోపల నీ పక్కన ఎవరు కూర్చుంటారని అడిగితే, తెలిసినవాళ్ళెవరూ లేరండి అంది. వ్యాను మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఇప్పుడు దారులు బాగుపడ్డాయి, లాడ్జీలు బాగుపడ్డాయి, మీటింగు హాల్లో కెమెరాలు పెట్టారు. విప్ కాయితం ముందుగానే అందరి చేతా సంతకం పెట్టించి అందజేస్తున్నారు, కట్టుకున్న భార్య అయినా సరే. మా బావగారు నవ్వినట్టు ఇప్పుడెవరూ నవ్వి ఊరుకోరు.