రంగు లోపలికి తిప్పిన తలుపు

దగ్గరికి జరుగుండ్రి, ఆ చాప జర ఇటు గుంజుకోని కూసోండ్రి. నేను చెప్పేది గుసగుసలాడే ముచ్చట కాదు, గొంతెత్తి చెప్పేదే. ముందుగాల గీ తలుపును వాసన చూడుండ్రి. ఇన్నేండ్లయినా వాన పడ్డదంటే దీంట్లకెళ్లి పాత రంగు, రంపపు పొట్టు వాసన లేస్తది, నేను మల్ల ఎనిమిదేండ్ల పిల్లనైత.

ఎనభైలల్ల ఫిలింనగర్ గుట్ట మీద అన్నీ బండలు, సీతాఫలం పొదలే. కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ బండలు పగలగొట్టించి స్టూడియో కట్టిండు. దాని ఎనుక పనోళ్లకు జాగ చూపిచ్చి, "ఇళ్లు మీరే వేసుకోండర్రా" అన్నడు. మా నాయిన సెట్లకు చెక్కపని చేసే వడ్లాయన. వానలు పోయినంక గుట్టంత సీతాఫలాల తియ్యటి వాసన, ఎండకాలం రంగు డబ్బాల వాసన, పిక్చర్ అయిపోయి గుమ్మడికాయ కొట్టిన నాడు గంగాళంతోని మా వాడకు వచ్చే పులిహోర వాసన. మేం పిల్లలమైతే సెట్టుల కాలు ఇరిగితే పారేసిన సింహాసనం మీద వంతులేసుకోని కూసుండి, రాజు నేనంటే నేనని జుట్లు పట్టుకునేటోళ్లం.

గుమ్మడికాయ కొట్టిన తెల్లారి సెట్టు ఇప్పుతరు. ఇప్పిన తలుపులు పెద్దాయన పనోళ్లకే ఇచ్చేటోడు. గందుకే మా రేకుల ఇండ్లకు జమీందారు తలుపులు, జైలు తలుపులు. జైలు తలుపు వచ్చిన మల్లమ్మత్తను "ములాఖత్ ఎప్పుడే?" అని రోజూ ఏడిపిచ్చేటోళ్లు.

సెట్టు తలుపుకు కెమెరా చూసే దిక్కే రంగు, ఎనుక వట్టి చెక్క. ఆ చెక్క మీద చేసినాయన తన గుర్తు చెక్కుతడు. మా నాయినది చేప. వాడంత రంగు బయటికి పెట్టుకుంటే, మా అమ్మ మాకొచ్చిన నెమళ్ల బొమ్మల తలుపును ఉల్టా పెట్టిచ్చింది.

"ఏందమ్మా గిట్ల?" అంటే, "నెమళ్లు మనం చూసుకుందమే, చేపను లోకం చూడనీ" అన్నది.

పెద్దాయన కాలం చేసిన ఏడాదే ఆయన కొడుకు ఇద్దరు పనోళ్లతోని వచ్చిండు.

"తలుపులు, స్థలం అన్నీ మావి. మా నాన్నగారు జాలిపడి ఇచ్చారు. ఖాళీ చేసెయ్యండి."

తలుపులు ఊడపీకుడు మొదలైంది. తలుపు లేని ఇంట్ల ఆడపిల్లలతోని ఎవరుంటరు? వాళ్ల ఎత్తు గదే. రెండిండ్లు బోసిపోయినయ్. మూడోది మాది. మా అమ్మ కడప మీద అడ్డం కూసున్నది.

"చిన్నబాబూ, రంగు మీదే, గీక్కోని పో. చేపను మాత్రం ముట్టకు. జాలిపడి ఇచ్చిండంటవా? గీ చెక్కల మా ఆయన చెమట ఉన్నది, మీ జాలి ఏడుందో చూపియ్."

చిన్నబాబు ఎంట వచ్చిన పనోళ్లల్ల సుత్తె పట్టుకున్న యాదగిరన్న అప్పుడే ఊడపీకిన తలుపు తిప్పి చూసిండు. దాని మీద త్రాసు గుర్తు, ఆయన చెక్కిందే.

"నా చేతితోని చేసినదాన్ని నేనే పీకిన్నా!" అని సుత్తె కింద పడేసిండు. ఆ తలుపును మల్ల ఆయనే బిగిచ్చిండు, గుర్తు బయటికి పెట్టి. పొద్దుగూకేసరికి వాడంత గట్లనే తిప్పుకున్నది. తలుపులు పీకనీకి ఒక్క పనోడు దొరకలే, చిన్నబాబు మల్ల రాలే.

ఇప్పుడు స్టూడియో లేదు, అద్దాల ఆఫీసులొచ్చినయ్. సింహాసనం లేదు, సీతాఫలాలు బజార్ల కొనుక్కుంటున్నం. మూల మీద రాయి నిలబెట్టి, ఈ వాడను పెద్దాయనే కట్టిండని చెక్కిండ్రు. జాగ ఇచ్చిండు, దండం పెడత. కట్టింది మేం. నా నాలుగో తరగతి చదువుకు ఆ రాయి అక్షరాలు కూడబలుక్కోవాలె. చేపనైతే కండ్లు మూసుకోని తడిమినా చదువుత.

పోయి రాండ్రి బిడ్డా. మీ కడప మీద పసుపు ఆరకుండ, మీ ఇల్లు నిలబెట్టిన చేతుల గుర్తు చెరగకుండ, పిల్లాపాపలతోని సల్లగుండుండ్రి.