చీమకు తగిన కెమెరా

మా పెదనాన్న కొలవకుండా ఏదీ కొనడు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసి ఆయన రిటైరయ్యాడు గానీ, జేబులోని స్టీలు స్కేలు మాత్రం రిటైరు కాలేదు. సబ్బు కొంటే పొడవు కొలుస్తాడు. చెప్పులు కొంటే కుడిదీ ఎడమదీ విడివిడిగా కొలుస్తాడు. ఓసారి గొడుగు కొనబోయి, షాపులోనే విప్పి, "పెట్టె మీద రాసినదానికి అర అంగుళం తక్కువుంది" అన్నాడు.

"ఆ అర అంగుళానికి ఎవరు తడుస్తారండీ?" అన్నాడు షాపువాడు.

"నేనే," అని, వాన వెలిసేదాకా అక్కడే నిలబడి, గొడుగు కొనకుండా ఇంటికి వచ్చాడు.

అలాంటి మనిషి చీమలను దగ్గరగా ఫోటోలు తీయడానికి డిజిటల్ కెమెరా కొంటానన్నాడు. అంతవరకు తన పెళ్ళిరోజున తప్ప కెమెరా ముందు కూడా నిలబడి ఎరగడు.

"చీమలెందుకండీ? మనుషుల్ని తియ్యొచ్చుగా?" అంది పెద్దమ్మ.

"మనుషుల్ని కదలొద్దంటే నవ్వుతారు. చీమలకు ఆ జబ్బు లేదు."

పెద్దమ్మ ఇంటి ముందుగదిలో రఫూ పని చేస్తుంది. బట్ట చిరిగితే అదే రంగు దారంతో పోగు పక్కన పోగు వేసి, చిరుగు పడిన జాడ లేకుండా చేస్తుంది. ఈమధ్య ఆ జాడలు తెలుస్తున్నాయి. ఒకాయన తన తండ్రి నల్లకోటు తిరిగి తెచ్చి, "అతుకు కనబడిపోతోందమ్మా, మళ్ళీ ఒకసారి చూడండి" అని పెట్టి వెళ్ళాడు. అద్దాల నెంబరు ఇక ఎంత పెంచినా లాభం లేదని కళ్ళ డాక్టరు అప్పటికే చెప్పేశాడు. ఆ సంగతి మా ముగ్గురిని దాటకూడదని పెద్దమ్మ ఆజ్ఞ. ఎవరైనా అడిగితే "ఈ గదిలో బల్బు మంచిది కాదు" అనేది. నాలుగు బల్బులు మార్చాక, ఈ కోటు కూడా కుదరకపోతే పని మానేసి గుమ్మం మీది రఫూ బోర్డు తీసేస్తానంది. ఆ మాట అనేటప్పుడు గోడవైపు చూసింది.

ఇంట్లో ఇదీ పరిస్థితి. పెదనాన్నకేమో చీమలు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన వెంట వెళ్ళక తప్పలేదు.

"నువ్వు ఎమ్మే కదే. కెమెరాతో వచ్చే పుస్తకం నువ్వు చదువు. కొలవడం నేను చూసుకుంటా."

కెమెరా షాపాయన మొదటి వారం "రండి సార్, కూర్చోండి" అన్నాడు. రెండో వారం "రండి" అన్నాడు. మూడో వారం నుంచి మమ్మల్ని చూడగానే ఫోను చెవిన పెట్టుకొని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకసారి అలా మాట్లాడుతుండగానే ఆ ఫోను మోగింది.

పెదనాన్న అగ్గిపెట్టెలో తెచ్చిన చీమను గాజుబల్ల మీద వదిలాడు.

"ఇది రెండు సెంటీమీటర్ల దగ్గర నుంచి కూడా తీస్తుంది సార్!"

పెదనాన్న స్కేలు పెట్టాడు. "అంత దగ్గరెందుకయ్యా? నాకు ముప్ఫై ఉండాలి. దూరంగా ఉండి దగ్గరగా చూపించాలి."

"దగ్గరికెళితే చీమేం అనుకోదు సార్."

"ముప్ఫై."

ఈ బేరం తేలేలోగా చీమ షోకేసులోకి దిగిపోయింది. షాపాయన లెన్సులన్నీ ఒక్కొక్కటే పైకి తీసి వెతికాడు. "పోనీలే, మా ఇంట్లో ఇంకా ఉన్నాయి," అని పెదనాన్న ఆయన్ని ఓదార్చాడు.

తరువాతి వారం కొత్త చీమ, కొత్త షరతు. జేబులోంచి నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమరంగు దారం ముక్కలు తీశాడు. "ఈ మూడూ మూడు రంగులుగానే కనబడాలి."

"చీమలన్నీ ఒకటే నలుపు సార్."

"అది నీ అభిప్రాయం. చీమల్ని అడిగావా?"

ఆపైన కెమెరా చూసేది టీవీలో కూడా కనబడాలన్నాడు. ఇక్కడ కాలు కదిలితే అక్కడ అదే క్షణంలో కదలాలన్నాడు. గంటసేపు దానంతట అది ఆరిపోకూడదన్నాడు.

షాపాయన నావైపు తిరిగాడు. "ఏమ్మా, మీ టీవీలో వేరే ఏమీ రావా?"

నేను పుస్తకంలో తల దూర్చుకున్నాను.

ఏడో వారానికి కెమెరా కుదిరింది. పెదనాన్న దాన్ని పాత టేబుల్ ల్యాంపు చేతికి బిగించి, బల్లకు ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తున నిలిపి, టీవీకి వైరు తగిలించాడు. తెర మీద చీమ దున్నపోతంత కనబడి, మరుక్షణం మాయమైంది.

"నున్నటి బల్ల మీద నిలవట్లేదు. ఏమేవ్, ఆ కోటు కాస్త ఇలా పరుచు. గుడ్డయితే కాలు ఆనుతుందేమో."

"పరాయివాళ్ళ కోటు మీద మీ చీమలాటలేమిటండీ?" అంటూనే పరిచింది పెద్దమ్మ.

టీవీ నిండా కోటు. ఒక్కో పోగు తాడంత లావుంది. మధ్యలో పెద్దమ్మ వేసిన అతుకు. ఆమె తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇది నలుపు కాదండీ. నీలం దారం వేశాను."

"అలాగా?" అన్నాడు పెదనాన్న, బల్ల కింద చీమను వెతుకుతూ.

పెద్దమ్మ కూర్చుంది. పాత అతుకు విప్పింది. చూపు టీవీ మీద, చెయ్యి లెన్సు కింద. మొదట సూది కుడికి పోబోయి ఎడమకు పోయింది. కాసేపటికి దారికొచ్చింది. దారం లాగినప్పుడల్లా ఆమె చెయ్యి పైకి లేచి, లెన్సుకు తగలకుండా దిగుతోంది. ఆ ముప్ఫై ఎవరికోసమో నాకప్పుడు తెలిసింది.

"ఎప్పుడు కొలిచావు?" అన్నాను గుసగుసగా.

"ఆవిడ కుడుతుంటే, పేపరు చాటునుంచి."

"ఆమెకే చెప్పి కొనొచ్చుగా పెదనాన్నా?"

"చెబితే కళ్ళ మాట ఎత్తినట్టవుతుంది. చీమలంటే ఆవిడకు అభ్యంతరం లేదు."

"ఏమండీ, మీ చీమ వచ్చింది," అంది పెద్దమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా. "తీసెయ్యండి. ఇక్కడ పని జరుగుతోంది."

పెదనాన్న చీమను స్కేలు మీదికి ఎక్కించుకొని, కిటికీ అవతల దించి వచ్చాడు.

నాలుగో రోజున కోటాయన వచ్చాడు. కోటును వెలుతురులోకి తీసుకెళ్ళి, లోపలా బయటా తిప్పి తిప్పి చూశాడు.

"నేనిచ్చిన కోటు ఇదేనా అమ్మా? చిరుగు ఎక్కడ?"

"నన్నడిగితే ఏం లాభం బాబూ?" అంది పెద్దమ్మ నవ్వుతూ. "నాకు కళ్ళు సరిగ్గా కనబడవు."