చెయ్యెత్తు మెరక

రాత్రి వాన కురిసి తెల్లారేక ఎండ కాస్తే కొండరాయి నుంచి ఒక వాసన వస్తుందండీ. మట్టివాసన కాదది. మట్టివాసన నాకు పుట్టుకతో తెలుసు. ఇది వేరు, కాలిన ఇనప మూకుడు మీద నీళ్ళు చిలకరిస్తే వస్తుందే, కాస్త అలాంటిది. మొన్న విశాఖపట్నంలో మా అమ్మాయి ఇంటికొచ్చి, పొద్దున్నే ఒక్కదాన్నీ కొండమీది పాత పార్కుకి బయల్దేరితే, గేటు దగ్గరే ఆ వాసన తగిలి నా కాళ్ళు ఆగిపోయేయి.

గేటు కాడ కాపలా ఉన్నతను నా సంచీలోకి తొంగిచూసేడు. “అమ్మా, పైన గుడేం లేదండీ, ఒట్టి పార్కే. కొబ్బరికాయ ఎందుకండీ?” అన్నాడు. “తెలుసు బాబూ, ఉండనీ, బరువేం కాదు” అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, పెద్దావిడకి చాదస్తం కాబోలనుకుని వదిలేసేడు. ఇప్పుడా దారంతా బాణం గుర్తులూ, బోర్డులూ పెట్టేరు. ఎవర్నీ అడగక్కర్లేదు, చదువుకుంటూ ఎక్కేయొచ్చు. ఇది దొరలు కట్టుకున్న బంగళా గోడ, ఇది ఓడలకి జెండా చూపించిన దిమ్మ, ఇది వాళ్ళు వాననీళ్ళు దాచుకున్న తొట్టి. మా మామ్మ కొబ్బరికాయ కొట్టిన చోటు ఇదీ అని మాత్రం ఏ బోర్డూ చెప్పదు. అది నేనే చెప్పాలి.

మా మామ్మంటే మా నాన్నగారి తల్లి. మా ఊరు కాట్రేనికోన దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. పళ్ళెంలా చదునుగా ఉంటుంది మా నేల. చేలు, కొబ్బరితోటలు, కాలవలు, ఆ చివర ఆకాశం, అంతే. రాయన్నది అక్కడ పుట్టదు. రుబ్బురోలూ, సన్నికల్లూ, గుమ్మం ముందు మెట్టూ రాజమండ్రి నుంచి పడవలో రావాల్సిందే. మాకు కోపమొస్తే విసురుకోడానికి కూడా మట్టిబెడ్డే గతి. అలాంటి చోట మా మామ్మ జీవితమంతా ఎత్తు కోసం వెతుక్కుంది.

ఎందుకో చిన్నప్పుడే మాకు తెలుసు, ఆవిడ దాచలేదు. మామ్మ పురిటికి పుట్టింట్లో ఉండగా, మా నాన్న ఇంకా చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు ఉప్పెనొచ్చిందట. పట్టపగలే చీకట్లు కమ్మి, సముద్రం చేలకడ్డంపడి వచ్చేసిందట. మామ్మ పాతగడ్డి మేటు మీదికి పాకింది. కింద మొలలోతు నీళ్ళలో నిలబడి వాళ్ళమ్మ ముందు పిల్లాణ్ణి పైకి అందించి, తరవాత తన చెయ్యి చాచింది. అందలేదు. “ఒక్క చెయ్యెత్తు మెరకుంటే మా అమ్మ దక్కేదే” అనేది మామ్మ, చేటలో బియ్యం చెరుగుతూనో, నాకు జడల్లుతూనో. ఏడుస్తూ చెప్పేది కాదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పేది.

అందుకే ఏటా ఎండలు ముదిరి, పెరటి చెరువు అడుగంటి, తాటిముంజెలు గెలలు గెలలుగా దిగుతూ, పనసపండు కోసిన చేతులు నూనె రాసినా జిగురు వదలని రోజుల్లో, మా ఇంట మెరక వేసేవారు. చెరువులో నల్లరేగడి తవ్వి, తట్టలతో తెచ్చి ఇంటి చుట్టూ పోయడం, నీళ్ళు చల్లి దిమ్మిసలతో కొట్టడం. కూలీలకి చద్దన్నం, మావిడికాయ పచ్చడి. పిల్లలకి ముంజెకాయల బళ్ళు తోలుకుంటూ మట్టిగుట్టల మీద జారడం. మామ్మ వాకిట్లో నిలబడి చెయ్యి పైకెత్తి, ఈమాటు ఎంత లేచిందో చూసుకునేది. వానాకాలానికి సగం జారిపోయేది. మళ్ళీ ఏడు మళ్ళీ పోయించేది. “మీ మామ్మ కొండ కడుతోందిరా, పైకెక్కి చుక్కలు కోసుకొస్తుంది” అని తాతయ్యగారు అరుగు మీద పడక్కుర్చీలో పకపకా నవ్వేవారు. ఊళ్ళోవాళ్ళు ముందర ‘ఆయ్, ఆయ్’ అని తలూపుతూనే వెనకాల ముసిముసిగా నవ్వుకునేవారు.

సాయంత్రాలు మేం నేలా బండా ఆడుకునేవాళ్ళం. దొంగ నేల కోరుకుంటే మిగతా వాళ్ళంతా బండెక్కెయ్యాలి; నేల మీద కాలు పెడితే పట్టేసుకుంటాడు. బండలెక్కడివీ మాకు, అరుగులే బండలు. ఎవరు దొంగైనా లోపల్నుంచి మామ్మ కేకేసేది: “నేలే కోరుకో! పిల్లలందర్నీ పైకెక్కనీ!” ఇంకోటి కోరుకుంటే ఆ పూట కొబ్బరిలౌజు ఉండేది కాదు. అట్లతద్దినాడు తెల్లారగట్టే లేచి, గోంగూరపచ్చడీ పెరుగన్నమూ తిని, చీకట్లోనే ఆటలకి దిగినా అంతే, ఆవిడ గొంతు వినబడాల్సిందే. ఉప్పెనలొచ్చే కాలం కూడా అదే కదండీ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా బాబాయికి విశాఖపట్నం హార్బరులో ఉద్యోగమైంది. అతన్ని చూడ్డానికి నాన్న, మామ్మ, నేను బయల్దేరేం. ఎదుర్లంక రేవులో పంటెక్కి గోదావరి దాటి, కాకినాడలో బస్సు పట్టుకున్నాం. ఒళ్ళో బుట్టెడు తాటితేగలు, కాళ్ళ కింద కొబ్బరికాయల గోనె. తుని దాటేక కొండలు మొదలయ్యేయి. మామ్మ కిటికీకి అతుక్కుపోయింది. అన్నవరం కొండ ఆవిడకి కొత్త కాదు, కానీ అది దేవుడి సొంతం, మొక్కు తీర్చుకుని దిగి రావడమే. ఇవి ఎవరివో, ఎందుకున్నాయో ఆవిడకి అర్థం కాలేదు.

మర్నాడు బాబాయి డ్యూటీకి వెళ్తూ ఈ కొండ చూసి రమ్మంటే, మామ్మ తలంటుకుని, పసుపు రాసుకుని, కొంగున కొబ్బరికాయ కట్టుకుని తయారైంది. కొండన్నాక పైన దేవుడుంటాడనే మా కోనసీమ లెక్క. “అమ్మా, అది గుడి కాదే, పార్కు. నలుగురూ నవ్వుతారు” అని నాన్న తల పట్టుకున్నాడు. “నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, నాకేం?” అని మెట్టుమెట్టుకీ దణ్ణం పెట్టుకుంటూ ఎక్కింది. ఆవిడ మోకాళ్ళ సంగతి తెలిసిన మాకు తలప్రాణం తోకకొచ్చింది. మధ్యలో కూలబడింది, ఆయాసపడింది, మళ్ళీ లేచింది. రాత్రి వాన పడి తడిసిన రాళ్ళ వాసన నేను మొదటిసారి పీల్చింది అప్పుడే.

పైన జెండాదిమ్మ పక్కనొక పెద్ద బండ ఉంది. “ఇక చాలమ్మా, ఇక్కణ్ణుంచీ సముద్రం కనిపిస్తోందిగా” అన్నాడు నాన్న. మామ్మ వినలేదు. కుచ్చిళ్ళు బిగించి, గోళ్ళు ఆనించి, పాకుతూ బండెక్కేసింది. ఎక్కి బోర్లా పడుకుని నాకు చెయ్యందించింది. “పట్టుకోవే, గట్టిగా పట్టుకో!” నన్ను లాగేసింది. తరవాత నాన్నకి చాచింది. “నువ్వూ రారా.” పంచెకట్టుతో పెద్దమనిషి, చుట్టూ శనక్కాయలు తింటూ జనం, నాన్న కదల్లేదు. ఆవిడ చెయ్యి దించలేదు. అలాగే చాచి, “అందుకో నాన్నా” అంది. ఆ గొంతు విన్నాక నాన్న చుట్టూ చూడ్డం మానేసి చెయ్యిచ్చేడు. పైకొచ్చేక కూడా ఆవిడ మా మణికట్లు వదల్లేదు. “అందింది” అంది. ఇంకోసారి అంది. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చాలాసేపయ్యేక మామ్మ చుట్టూ కలియజూసింది. కింద, ఎంతో కింద, సముద్రం. “దేవుడూ లేడు, ఒక్క ఇల్లూ లేదు. ఇంతెత్తు ఉత్తినే పడుందట్రా ఇక్కడ!” అంది. కోపమో దుఃఖమో తెలీదు. కొంగుముడి విప్పి కొబ్బరికాయ ఆ బండకేసి ఫెడీమని కొట్టింది. కిందనుంచి తోటమాలి పరిగెత్తుకొచ్చి, “ఇక్కడ దేవుడు లేడమ్మా!” అని కసిరేడు. “లేకపోతే లేడు, ఎత్తుంది కదా” అని అతని చేతిలో కూడా చిప్పముక్క పెట్టింది మామ్మ.

కొండ చూసొచ్చేక మెరక పిచ్చి తగ్గుతుందేమో అనుకున్నాం, తగ్గలేదు. కొన్నేళ్ళకి ఒక గాలివానలో కాలవలన్నీ ఏకమై మా వీధిలోకి నీళ్ళొచ్చేయి. వీధి వీధంతా పిల్లల్తో, మేకల్తో, మంచాల్తో మా మెరకెక్కింది. మామ్మ అంచున కూచుని వచ్చినవాళ్ళకల్లా చెయ్యందిస్తూనే ఉంది. నీళ్ళు అరుగు దాకా వచ్చి వెనక్కి తీసేయి. ఆ మరుసటి ఎండాకాలం తాతయ్యగారు పడక్కుర్చీ లోపల పెట్టించి, తనే తట్టెత్తేరు.

మామ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా చేలన్నీ రొయ్యల చెరువులు. ఆ గట్లకి మట్టి చాలక తమ్ముడు మెరక తవ్వించేసేడు. “స్లాబు ఇల్లుంది, ఫోనులో ముందే చెప్తున్నారు, మెరకెందుకక్కా?” అన్నాడు. వాడి మాటా నిజమే. నేలా బండా ఆడే పిల్లలూ ఊళ్ళో లేరు. పెరటి కొబ్బరిచెట్టు నుంచి ఒక కాయ మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

మొన్న పైకెక్కేసరికి ఆ బండ చుట్టూ కమ్మీలు వేసి, ‘ఎక్కరాదు’ అని బోర్డు పెట్టేరు. ఆ బోర్డు పక్కనే బండెక్కి కాలేజీ ఆడపిల్లలు కిలకిలా నవ్వుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను కింద నిలబడి బండనే చూస్తున్నాను. నా మోకాళ్ళు కూడా ఇప్పుడు మామ్మ మోకాళ్ళే. వాళ్ళలో ఒక పిల్ల నన్ను చూసి, ముందుకి వంగి, “రండాంటీ, చెయ్యివ్వండి, లాగుతాను” అంది.

ముందు కొబ్బరికాయ సంచీ పైకి అందించేను. తరవాత నా చెయ్యి చాచేను.

అందింది.