అత్త నూరిన ఉప్పులేని ఆవముద్ద

మొన్న ఉదయం కలకత్తాలోనే ఉన్న ఖిదిర్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త కొడుకు. గొంతును బట్టే సంగతి అర్థమై, "మామయ్యేనా?" అన్నాను.

"కాదు. అమ్మ. పొద్దున్న నిద్దర్లోంచి నెగనేదు," అన్నాడు.

కిడ్నీలు పాడైంది మామయ్యకి. ఇన్నేళ్ళూ మేమంతా భయపడింది ఆయన గురించే. బస్సెక్కాను. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగితే, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మామయ్య ఓడరేవు డాకుల్లో క్రేను నడిపేవాడు. ఆవకాయ లేనిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. జబ్బు బయటపడ్డాక డాక్టరు ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు, సీసాల్లో దొరికే సాసులు అన్నీ మానమన్నాడు. చింతపండు కూడా తగ్గించమన్నాడు.

"మరి అన్నంలోకి ఏటి కలిపీది, డాక్టర్‌బాబూ?" అంది అత్త.

నిమ్మరసం, వెనిగర్, మిరియాలు, వెల్లుల్లి కొద్దికొద్దిగా వాడుకోమన్నాడు. ఇంటికి రాగానే అత్త ఊరగాయ జాడీలన్నీ ఇరుగుపొరుగుకి పంచేసింది.

మేం బౌది, అంటే వదినా, అని పిలిచే పై వాటా బెంగాలీ ఆవిడ ఓసారి కాసుంది తెచ్చింది. వాళ్ళ ఆవముద్ద అది. అందులోనూ ఉప్పే. అత్త అది ఎలా చేస్తారో అడిగి తెలుసుకుని, ఆవాలు నానబెట్టి, ఉప్పు వేయకుండా వెనిగర్‌తో నూరింది. మొదటి ముద్దకే ఘాటు నషాళానికంటి మామయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉప్పు నేదని నీ నాలిక్కి తెలుస్తాది గానీ ముక్కుకి తెల్దు కదా. తినయ్యా," అంది.

మామయ్య స్నేహితుడొకాయన, జబ్బుమనిషికి మంచిదని ఎవరో చెబితే, సోడియం తక్కువుండే ఉప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. అత్త దాన్ని విప్పకుండా డాక్టరుకి చూపించింది. ఇందులో పొటాషియం ఉంది, ఈయనకి ప్రమాదం అన్నాడాయన. అత్త ఆ ప్యాకెట్టు పారేసింది. స్నేహితుడు మళ్ళీ వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టింది గానీ ఆ మాట ఎత్తలేదు. "పేమతో తెచ్చినాడు, పాపం," అంది నాతో.

అత్త కూడా మామయ్యతోపాటే ఆ చప్పిడి తిండే తినేది. నువ్వైనా ఇంత ఊరగాయ వేసుకోవచ్చు కదా అంటే, "ఆ వాసనొస్తే ఆయన తినగలడేటి?" అనేది. గార్డెన్ రీచ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఆవకాయ కలుపుకుని కడుపునిండా తినేది. వెళ్ళేముందు సబ్బుతో చెయ్యి రుద్ది కడిగి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసుకునేది. ఇంకా ఉందనిపిస్తే మళ్ళీ కడిగేది.

నిన్న దహనం అయ్యాక పొరుగువాళ్ళు వండి తెచ్చారు. అన్నం, పప్పు, ఏదో కూర. అందరం కూర్చున్నాం. మామయ్య కంచంలో చెయ్యి పెట్టి, కలపకుండా, వడ్డించే వాళ్ళని అడుగుతున్నాడు.

"ఇది నాను తినొచ్చేటి?"

వాళ్ళు మా వైపు చూశారు. మాలో ఎవరికీ తెలియదు.